డైనమో అనకు

వైండింగక్క పుట్టింటివాళ్ళకు ఆస్తిపాస్తులేమీ లేవు గానీ మాట పట్టింపు మాత్రం దండిగా ఉండేది. దుకాణందారు "ఏం కావాలండీ" అనకుండా "ఏంటి" అన్నాడని వాళ్ళ నాన్న మళ్ళీ ఆ దుకాణం మెట్టెక్కలేదు. ఆమే, ఆమె అన్నయ్యా ఒకసారి వానాకాలమంతా మాట్లాడుకోలేదు. ఆ గొడవ ఫ్యాను దగ్గర మొదలైంది. ఆమె "ఫ్యాను కట్టెయ్యి" అంది. "కట్టెయ్యడానికి అదేమన్నా గేదెనా? ఆపెయ్యి అనాలి" అన్నాడు ఆయన. ఫ్యాన్లు చుట్టి బతికే మనిషికి ఫ్యాను గురించి పాఠం చెబుతాడా అని ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఫ్యానైనా, నీళ్ళ మోటారైనా, మిక్సీ అయినా, కాలిపోయిన కాయిల్ విప్పి కొత్త రాగితీగ చుట్టడం ఆమె పని. ఆమె భర్త పుస్తకాలు కుట్టి అట్టలు వేసే బైండరు. ఇద్దరికీ ఒకటే గది. అటు బైండింగు, ఇటు వైండింగు. ఆయన కుట్టేది, ఆవిడ చుట్టేది అని వీధిలోవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు చినిగిన నిఘంటువు తెచ్చి ఆమె బల్లమీద పెట్టేవాళ్ళు. ఆమె విసుక్కోకుండా దాన్ని భర్త వైపు తోసేది. పరాయివాళ్ళ దగ్గర ఆమెకు ఓపిక ఎక్కువే. అన్నయ్య దగ్గరే అది చాలేది కాదు.

ఈ అన్నాచెల్లెళ్ళ మధ్య రాకపోకలు తెగిపోకుండా ఉన్నాయంటే అది వదిన చలవే. ఇటు మాట అటు చేరవేసేటప్పుడు ఆ మనిషి దాని కొమ్ములు విరిచి మరీ తీసుకెళ్ళేది. అన్నయ్య "దానికి బుద్ధి లేదు" అంటే, "వేళకు తింటోందో లేదో కనుక్కోమన్నారు" అని వచ్చి చెప్పేది. అది అబద్ధమని ఆమెకు తెలుసు. తను చెప్పి పంపిన జవాబు కూడా అక్కడికి వేరేగా చేరుతుందనీ తెలుసు. అయినా ఆ అబద్ధాల మీదే ఇద్దరూ ఇన్నేళ్ళు నెట్టుకొచ్చారు. ఆ వదిన కాస్తా జబ్బుచేసి పోయింది.

అన్నయ్య బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. జీవితమంతా రోడ్డుమీద గడిపినవాడు, భార్య పోయాక గేటు దాటడం మానేశాడు. కూరగాయలు చెల్లెలు తెచ్చిపెట్టేది, మందులు ఆమె భర్త తెచ్చిచ్చేవాడు. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. వీధి వైపు తిరిగి కూర్చున్నా ఆమె ఇంత బెంగపడేది కాదేమో.

ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఆయన కారు ఉంది. గచ్చకాయ రంగు పాతకాలపు బండి. ముందు నుంచి చూస్తే బుగ్గలు పూరించిన పిల్లాడి మొహంలా ఉంటుంది. డ్యూటీ లేని రోజున వదినను పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కడికో ఒకచోటికి వెళ్ళొచ్చేవాడు. వదిన మంచం పట్టిన ఏడాది దానిమీద గుడ్డ కప్పాడు. అది అలాగే ఏళ్ళ తరబడి ఉండిపోయింది. ఈమధ్య చెల్లెలి భర్త పోరు పడలేక కొత్త బ్యాటరీ పెట్టించుకుని ఒక ఉదయం బయటికి తీశాడు. పక్క వీధులన్నీ చుట్టి వస్తూ ఉంటే, ఇంటి మలుపు దగ్గర హారన్ మూలిగింది, ఇంజను టక్కున ఆగిపోయింది. వీధి వీధంతా చేరి తోసుకొచ్చి షెడ్డులో పెట్టారు. అంతమంది ప్రయాణికులను క్షేమంగా దింపిన మనిషి స్టీరింగు పట్టుకుని, జనం తోస్తుంటే ఇంటికి చేరాడు. మర్నాడు తుక్కు వ్యాపారిని పిలిపించి, శనివారం వచ్చి బండి తీసుకుపొమ్మన్నాడు.

ఈ కబురు భర్త చెవిన పడి, ఆయన నుంచి వైండింగక్కకు చేరింది. ఆ మనిషిని గేటు బయటికి లాగగలిగేది లోకంలో ఇంకేదైనా ఉందంటే ఆ బండి ఒక్కటే. అది కూడా పోతే అన్నయ్య ఆ గోడను చూస్తూ చూస్తూ అలాగే వెళ్ళిపోతాడని ఆమె భయం. భర్తతో ఆ మాటే అంది. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ, "నువ్వు చుట్టేదానివి కదా, వెళ్ళి చూడరాదూ" అన్నాడు.

మీటరు, స్పానర్లు సంచిలో వేసుకుని వెళ్ళింది. బండి బాగైతే తుక్కుకి ఇవ్వడం మానేస్తావా అని అడిగింది. బాగవదన్నాడు. అయితే అని రెట్టించింది. అయినప్పుడు చూద్దాంలే అన్నాడు. వాళ్ళ వంశంలో అంతకన్నా మెత్తటి మాట ఎవరూ అని ఎరగరు గనుక ఆమె దాన్ని ఒప్పందంగానే తీసుకుంది.

బ్యాటరీ చచ్చింది, ఇంకో బ్యాటరీ తెచ్చినా చస్తుంది అని అన్నయ్య నమ్మకం. ఆమె దాన్ని విప్పి దుకాణానికి తీసుకెళ్ళి రాత్రంతా ఛార్జింగు పెట్టింది. పొద్దున తెచ్చి బిగించి తాళం తిప్పితే, ఇంజను దగ్గి, తుమ్మి, చివరికి లేచింది. బ్యాటరీ మంచిదే. కుండలో నీళ్ళు అయిపోతుంటే కుండ మార్చి లాభం లేదు, పోసేవాళ్ళు పోస్తున్నారో లేదో చూసుకోవాలి. బ్యాటరీ కొసలకు మీటరు తగిలించింది. ఇంజను తిరుగుతున్నప్పుడు ముల్లు పద్నాలుగు వోల్టుల దాకా ఎక్కాలి. అది పన్నెండు దగ్గరే నిలబడి, చూస్తుండగానే కిందికి జారడం మొదలుపెట్టింది. డాష్‌బోర్డు మీద, ఛార్జింగు ఎక్కడం లేదని చెప్పే ఎర్రదీపం ఆరిపోకుండా వెలుగుతూనే ఉంది.

"డైనమో పోయింది" అంది ఆమె.

వరండాలోంచి గొంతు వినిపించింది. "డైనమో అనకు. దానిపేరు ఆల్టర్నేటర్."

అన్నయ్య పని నేర్చుకున్న గ్యారేజీలో ఫోర్‌మన్ ఒకాయన ఉండేవాడు. పార్టు పేరు తప్పు చెప్పినవాడిచేత ఆ రోజంతా బస్సులు కడిగించేవాడు. అన్నయ్య కడగని బస్సు లేదు. అందుకే పేర్లు ఆయనకు చర్మంలోకి ఇంకిపోయాయి. నిజానికి ఆ మోడల్ కార్లు మొదట్లో డైనమోతోనే వచ్చేవి, తర్వాత వాటికి ఆల్టర్నేటర్ పెట్టారు. రెండూ చేసేది ఒకటే పని. ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీలో నింపుతాయి. వీధి మెకానిక్కులందరికీ రెండూ డైనమోనే. ఆమెకూ అంతే. కరెంటు పుట్టించే దేన్నైనా ఆమె డైనమో అంటుంది. ఆయన కాదంటాడు. ఆమె మళ్ళీ అంటుంది. ఆ వారమంతా ఇద్దరూ మాట్లాడుకున్న మాటల్లో సగం ఇదే.

ముందు బెల్టు చూసింది. ఎండి బీటలు వారి, బొటనవేలితో నొక్కితే లోపలికంటా పోతోంది. కొత్తది వేసి బిగించింది. ముల్లు కదల్లేదు. వైర్ల కొసలకు పట్టిన పచ్చటి చిలుమును గీకి శుభ్రం చేసింది. అయినా కదల్లేదు. ఇక డైనమోనే దింపాలి. బోల్టులు తుప్పు పట్టి మొండికేశాయి. నూనె పోసి నానబెట్టి, బలమంతా పెట్టి తిప్పితే స్పానరు జారి వేలి కణుపులు చెక్కుకుపోయాయి. "అడ్డంగా కాదు, కిందికి లాగు" అన్న మాట ఈసారి దగ్గర్నుంచే వినిపించింది. తల తిప్పితే అన్నయ్య షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మర్నాటికి స్టూలు తెచ్చుకుని బండి పక్కనే కూర్చున్నాడు. ఆ మర్నాడు అడగకముందే స్పానరు అందించాడు. ఆమె ఏమీ ఎరగనట్టే పని చేసుకుపోయింది. గమనించానని తెలిస్తే మళ్ళీ లోపలికి పోతాడని భయం.

దింపి విప్పి చూస్తే లోపల చెమ్మ పట్టి, కాయిల్ నల్లబడి ఉంది. కాయిల్‌కు కరెంటు అందించే కార్బన్లు ఇరుక్కుపోయి ఉన్నాయి. బేరింగు తిప్పితే ఇసుక నములుతున్నట్టు చప్పుడు చేసింది. బుద్ధిమంతురాలైతే అక్కడే దాన్ని పక్కన పారేసి ఇంకొకటి వెతుక్కునేది. ఆమె వైండింగక్క. తన చేతికి లొంగని కాయిల్ ఈ చుట్టుపక్కల లేదని ఆమె నమ్మకం, కొంత గర్వం కూడా. దుకాణానికి పట్టుకెళ్ళి పాత తీగ ఊడదీసి కొత్తగా చుట్టింది. అంత లావు తీగ దగ్గర లేకపోతే రెండు సన్న తీగలు కలిపి చుట్టింది. పైన ఫ్యాన్లకు పూసే వార్నిష్ పూసి ఆరబెట్టింది. కార్బన్లు, బేరింగు కొత్తవి వేసింది. భర్త తన బైండింగు ఆపి మరీ వచ్చి చూసి, పెళ్ళికూతురిలా ఉందన్నాడు.

గురువారం సాయంత్రం బిగించి ఇంజను లేపితే ఎర్రదీపం ఆరింది. ముల్లు పద్నాలుగు ఎక్కింది. అన్నయ్య స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. ఆమె ఆయన మొహం చూడబోయేంతలో కమురు వాసన వచ్చింది. బానెట్ కింద నుంచి పొగ లేచింది. గదిలో గాలికి తిరిగే ఫ్యాను వేరు, ఇంజను పక్కన కాగుతూ తిరిగే ఈ వస్తువు వేరు. ఆ వేడికి వార్నిష్ కరిగి, తీగలు ఒకదానికొకటి అంటుకుని, కాయిల్ మొత్తం కాలిపోయింది. ఫ్యాన్ల మనిషి తప్ప ఇంకెవరూ చేయని తప్పు అది.

"నావల్ల కాలేదన్నయ్యా" అంది ఆమె. పుట్టి బుద్ధెరిగాక ఆయనతో ఆ మాట అనడం అదే మొదలు. ఆయన "చేతులు కడుక్కో" అని సబ్బు తెచ్చిచ్చి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. బ్యాటరీని సంచిలో వేసుకుని ఆమె ఇంటిదారి పట్టింది. దాన్ని మళ్ళీ ఛార్జింగుకు పెట్టింది గానీ, ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు. చేతికి అలవాటైన పని కాబట్టి పెట్టింది.

శుక్రవారం పొద్దున భర్తను వెంటబెట్టుకుని ఆ బ్యాటరీతో వెళ్ళేసరికి గేటుకు తాళం వేసి ఉంది.

రెండేళ్ళుగా ఆ గేటుకు తాళం పడటం ఆమె చూడలేదు. లోపల మనిషి ఎప్పుడూ ఉండేవాడు కాబట్టి తాళం అవసరమే రాలేదు. ఎదురింట్లో అడిగింది, చూడలేదన్నారు. పక్కింట్లోనూ అదే మాట. నిన్న కమురు వాసనలో నిలబడ్డ ఆ మొహమే కళ్ళముందు మెదిలింది. లేనిపోని ఆశ పెట్టి చివరికి పొగ చూపించాను, ఆయన మానాన ఆయన్ని ఉండనిచ్చినా బాగుండేది అని తనను తాను తిట్టుకుంది. భర్త సైకిల్ ఎక్కి వెతకడానికి వెళ్ళాడు. ఆమె గేటు ముందు నేలమీదే చతికిలబడింది. వదిన ఉంటే ఏం చేసేదో ఆలోచించబోయింది. వదిన ఉంటే అసలీ తాళమే ఉండేది కాదు.

ఎండ బాగా ఎక్కాక బస్టాపు వైపు నుంచి అన్నయ్య వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, గడ్డం గీసుకున్నాడు. భుజం మీద గోనెపట్టాలో చుట్టిన మూట ఒకటి ఉంది. ఆ బరువుకి ఒక పక్కకి ఒరిగి నడుస్తున్నాడు.

ఆమె లేచి నిలబడింది. ఎక్కడికెళ్ళావని ఆమె అడగకముందే ఆయనే చెప్పాడు. పాత పార్టుల బజారుకు వెళ్ళాడట. బస్సులో వెళ్ళాడట. డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా తన ఎడమకాలు దానంతటదే నేలను తొక్కిందట. పక్కన కూర్చున్నావిడ ఏం జబ్బోనని జరిగి కూర్చుందట. ఇదంతా గేటు తాళం తీస్తూ, ఆమె వైపు చూడకుండా చెప్పాడు. షెడ్డులోకి వెళ్ళి మూట దించి, "చూడు, బాగుందేమో" అన్నాడు.

ఆమె గోనెపట్టా విప్పింది. కాలిపోయిన పాతది ఎత్తి ఉన్న బానెట్ కింద కనిపిస్తూనే ఉంది. అది పొట్టిగా, గుండ్రంగా ఉంది. మూటలోంచి బయటపడ్డది సన్నగా, పొడుగ్గా, రోకలి ముక్కలా ఉంది. ఈ బండికి ఎటు నుంచీ పట్టదు. ఈ మోడల్ తొలినాటి కార్లకు పెట్టే అసలు సిసలు డైనమో అది.

అన్నయ్య దాన్ని అటూ ఇటూ దొర్లించి చూశాడు. జన్మంతా అందరి మాటలూ దిద్దిన మనిషి, కొట్టువాడు కట్టిచ్చిన మూట విప్పి చూసుకోకుండానే తెచ్చుకున్నాడు.

"వాడి తప్పు లేదు" అన్నాడు చివరికి. "డైనమో ఇవ్వమని నేనే అడిగాను. నోటికి అదే వచ్చింది."

"నీ నోటికా?"

"మరి? వారం నుంచి చెవిలో అదే కదా. నీ మాట తప్ప ఇంకెవరి మాట వింటున్నాను నేను, ఈ ఇంట్లో?"

మామూలు గొంతుతోనే అన్నాడు. నిష్ఠూరంగానూ అనలేదు, జాలి కోసమూ అనలేదు. అప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. ఈ మనిషి ఏ బండీ లేకుండానే గేటు దాటి వెళ్ళాడు. తన కోసం వెళ్ళాడు. తన మాట నోట్లో పెట్టుకుని మరీ వెళ్ళాడు. తనేమో గేటు ముందు కూర్చుని అంతలేసి అనుమానాలు పడింది. అన్నయ్య కంగారుపడి, మారుస్తాడులే, బిల్లు ఉంది, దానికి ఏడుపెందుకు అన్నాడు. ఆమె ఏడుపు వేరే సంగతికని ఆయనకు తెలియకపోలేదు. అంతకుమించి ఓదార్చడం ఆయనకు చేతకాదు, అంతే.

సరైనది మార్చుకురావాలంటే బజారుకు వెళ్ళాలి. ఆ బరువు మళ్ళీ బస్సులో మోయడం ఎందుకు, బ్యాటరీ నిండుగా ఉంది, ఛార్జింగు ఎక్కకపోయినా పట్టపగలు అంతదూరం బండి పోతుంది అంది ఆమె. ఒక్కటే షరతు. దీపాలు వెయ్యకూడదు, హారన్ కొట్టకూడదు, ఆగినచోట ఇంజను ఆపకూడదు. హారన్ లేకుండా బండి ఎలా నడుపుతారన్నాడు. నెమ్మదిగా అంది. వెతికి వెతికి తిరిగొచ్చిన భర్తను ఇంటికి కాపలా పెట్టి, ఆమె వెనక తలుపు తీయబోయింది. ముందు సీటు వదినది.

"ముందు కూర్చో" అన్నాడు అన్నయ్య. "వెనక కూర్చుంటే నన్ను డ్రైవర్ అనుకుంటారు."

ముందే కూర్చుంది. దారి పొడుగునా ఆయన చెయ్యి హారన్ మీదికి పోవడం, ఆమె "అన్నయ్యా" అనడం, చెయ్యి వెనక్కి రావడం. ఒక చోట మనిషి అడ్డొస్తే తల బయటపెట్టి "బాబూ, కాస్త జరుగు" అని బతిమాలాడు. బస్సు నడిపిన రోజుల్లో ఆయన ఎవర్నీ బతిమాలి ఉండడు. బజారు చేరాక మీటరు తగిలించి చూస్తే ముల్లు బాగా కిందికి జారింది గానీ, ఇంజను ఆగలేదు.

కొట్టువాడు పేచీ పెట్టకుండా మార్చి ఇచ్చాడు. కొట్టు ముందే బానెట్ ఎత్తి ఆమె పనిలోకి దిగింది. బ్యాటరీ వైరు తప్పించి, కాలినది దింపి, ఈ పొట్టిదాన్ని ఎక్కించి, బోల్టులు బిగించింది. అన్నయ్య కమ్మీ పెట్టి దాన్ని వెనక్కి ఎత్తిపట్టుకుంటే, ఆమె బెల్టు నడుమ బొటనవేలితో నొక్కి చూసింది. వేలి మందం మాత్రమే లోపలికి పోవాలి. పోయింది. వైర్లు తగిలించి ఇంజను లేపమంది. ఎర్రదీపం వెలిగి ఆరింది. ముల్లు మెల్లగా లేచి పద్నాలుగు దగ్గర నిలబడింది. ఇద్దరూ ముక్కులు ఎగబీల్చారు. కమురు వాసన లేదు. పెట్రోలు వాసన, పక్క కొట్టు టీ వాసన తప్ప ఇంకేమీ లేదు. ఆమెకు మాత్రం నమ్మకం చాలక, ఇంజను బాగా వేడెక్కేదాకా అక్కడే నిలబెట్టింది.

"డైనమో బాగుంది" అంది అప్పుడు.

"ఆల్టర్నేటర్" అన్నాడు అన్నయ్య. ఆ దిద్దుడు వింటే ఆమెకు ప్రాణం లేచివచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు, ఎవరూ అడ్డం లేకపోయినా మలుపు మలుపునా హారన్ కొట్టుకుంటూ వచ్చాడు. తుక్కువాడి సంగతి ఆయన ఎత్తలేదు. ఆమె కూడా అడగలేదు. మంచి ఊపులో ఉన్న మనిషిని ఒక్క మాటతో పట్టింపులోకి దింపగల శక్తి తనకుందని ఆమెకు బాగా తెలుసు.

ఆ రాత్రి ఆమెకు సరిగ్గా నిద్ర పట్టలేదు. శనివారం పొద్దున్నే వెళ్ళేసరికి గేటు ముందు తుక్కు వ్యాపారి లారీ ఆగి ఉంది. గేటుకు తాళం ఉంది. షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల నేలమీద నూనె మరక, తీసి పడేసిన గుడ్డ తప్ప ఏమీ లేవు.

తుక్కు వ్యాపారి విసుగ్గా ఉన్నాడు. రమ్మన్న పెద్దాయన ఏడని, బండేదని ఆమెను అడిగాడు. బండి ఇవ్వడం లేదని చెప్పింది. అలాగైతే ఆ మాట ఆయనే చెప్పాలి, ఎటు వెళ్ళాడో చెప్పు, ఎప్పుడొస్తాడో చెప్పు అని నిలదీశాడు.

నిన్న ఇదే గేటు ముందు, ఇదే తాళం చూసి, ఆమె చతికిలబడిపోయింది. ఇవాళ దానికే ఆనుకుని నిలబడింది.

"ఏమో బాబూ" అంది. "నాకేం చెప్పి వెళ్ళలేదు."